పిల్లలకు ఆపరేషన్ తర్వాత వాంతులు: ముందే ఏం చెప్పాలి, ఏం చేయాలి?

కైకలూరు: టాన్సిల్స్, మెల్లకన్ను, హెర్నియా లాంటి ఆపరేషన్లకు మన వైపు కుటుంబాలు పిల్లల్ని ఏలూరు, విజయవాడ తీసుకెళ్తుంటాయి. ఆపరేషన్ బాగానే జరిగినా, మత్తు దిగాక బిడ్డ వరసగా వాంతులు చేసుకుంటే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. వీటిని చాలావరకు ముందే తగ్గించొచ్చు. అందుకు మత్తు డాక్టర్‌కు కావాల్సిన ముఖ్యమైన సమాచారం ఇంట్లోవాళ్ల దగ్గరే ఉంటుంది.

ఎవరికి ఎక్కువ?

జర్మనీ డాక్టర్లు 1,257 మంది పిల్లల్ని పరిశీలించి 2004లో నాలుగు గుర్తులు చెప్పారు.

• వయసు 3 ఏళ్లు, ఆపైన
• ఆపరేషన్‌కు అరగంట, అంతకంటే ఎక్కువ పట్టడం
• మెల్లకన్ను ఆపరేషన్
• బిడ్డకు గానీ, అమ్మానాన్నలకు, తోబుట్టువులకు గానీ గతంలో ఆపరేషన్ తర్వాత వాంతులు కావడం

వీటిలో రెండుంటే వందలో 30 మందికి, మూడుంటే 55 మందికి, నాలుగూ ఉంటే 70 మందికి వాంతులు అవుతాయని అంచనా. నాలుగోది మీరు చెబితేనే డాక్టర్‌కు తెలుస్తుంది. బిడ్డకు బస్సు పడకపోతే అదీ చెప్పండి.

డాక్టర్ ఏం చేస్తారు?

ముప్పును బట్టి ఆపరేషన్ సమయంలోనే ఆన్‌డాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవసరమైతే గ్యాస్ మత్తు బదులు ప్రొపోఫాల్ వాడతారు. సెలైన్ పెడతారు. నొప్పికి మార్ఫిన్ తరహా మందులు వీలైనంత తగ్గిస్తారు.

ఆపరేషన్‌కు ముందు

సాధారణంగా అన్నం, టిఫిన్, బర్రెపాలు, డబ్బాపాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. నూనె, మాంసం ఉన్న భోజనమైతే 8 గంటలు. మీ హాస్పిటల్ వేరే టైమ్ చెబితే అదే పాటించండి. బిడ్డ ఏడుస్తోందని నానీయో దాదీయో బిస్కెట్ పెడితే దాచకండి. మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ముప్పు. సున్తీ మత్తు ఇచ్చి చేయిస్తున్నా ఇదే జాగ్రత్త.

తర్వాత

తాగమని బలవంతం చేయొద్దు. బలవంతంగా తాగిస్తే వాంతులు పెరుగుతాయి. బిడ్డ అడిగినప్పుడు గుక్క గుక్కగా నీళ్లు పట్టండి. ఇంట్లో మిగిలిన వాంతుల సిరప్ సొంతంగా వేయకండి.

వెంటనే హాస్పిటల్‌కు ఎప్పుడు?

వాంతి ఆకుపచ్చగా ఉన్నా, రక్తం పడినా, కడుపు ఉబ్బినా, 8 గంటలుగా మూత్రం రాకపోయినా, బిడ్డ లేపినా లేవకపోయినా ఆగకండి. 108కి ఫోన్ చేయండి.