గూడెం హద్దు గీసేది ఎవరు?

ఒకసారి మా హాస్టల్ పిల్లలను మీ ఇల్లు గీయమన్నాం. ఇల్లొక్కటే గీసినవాళ్లు తక్కువ. ఇళ్ల వరుస, దేవర చెట్టు, పెద్దలు కూర్చునే అరుగు, వాగు దారి, అన్నీ గీశారు. ఒక పాప మాత్రం చింతచెట్టు గీసి దాని మీద అడ్డంగా గీత కొట్టింది. సెలవులకు వెళ్లేసరికి రోడ్డు పనికి కొట్టేశారట.

ఊరంటే ఒక్క కట్టడం కాదని పిల్లలకు తెలుసు. ఈ మాట చట్టంలోకి ఎక్కడానికే చాలా కాలం పట్టింది. ఇంగ్లండులో పాత కట్టడాలను ఒక్కొక్కటిగా జాబితాలో చేర్చి కాపాడేవారు. కట్టడం మిగిలేది, దాని చుట్టూ ఉన్న వీధి పోయేది. అందుకే 1967లో సివిక్ ఎమెనిటీస్ చట్టం వచ్చింది. చరిత్ర ఉన్న పేటను మొత్తంగా పరిరక్షణ ప్రాంతమని ప్రకటించే బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించింది. ఆ ఏడాదే సున్నపురాతి ఇళ్లకు పేరుపొందిన స్టామ్‌ఫర్డ్ పట్టణం మొదటి పరిరక్షణ ప్రాంతమైంది. ఇప్పుడు ఇంగ్లండులో ఇలాంటివి సుమారు 10,000 ఉన్నాయి. అక్కడ పాత ఇల్లు కూల్చాలంటే అనుమతి కావాలి. ఓ మోస్తరు చెట్టు కొట్టాలన్నా 6 వారాల ముందే తెలియజేయాలి. అలాగని ఆ పేటలు మ్యూజియాలు కావు. జనం అక్కడే బతుకుతారు, ఇళ్లు బాగుచేసుకుంటారు.

మన గూడేలకు ఆ చట్టం వర్తించదు. కానీ మన చేతిలో గ్రామసభ ఉంది. ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని 1996 నాటి పెసా చట్టం చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం దానికి మరింత బలమిచ్చింది. ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్ తవ్వకం తలపెట్టినప్పుడు, సుప్రీంకోర్టు తీర్పు మేరకు 2013లో 12 గ్రామసభలు కూర్చున్నాయి. ఆ కొండ డోంగ్రియా కోందులకు నియమరాజు నివాసం. పన్నెండు సభలూ తవ్వకం వద్దన్నాయి. ఆ తవ్వకానికి అనుమతి రాలేదు.

స్టామ్‌ఫర్డ్‌లో హద్దు ముందే గీశారు. మనం మాత్రం తరచుగా గొడ్డలి పడ్డాకే మాట్లాడుతున్నాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ సెలవుల్లో పెద్దలను వెంటబెట్టుకుని గూడెమంతా తిరగండి. ఏ చెట్టు, ఏ రాయి, ఏ దారి మనకెందుకు ముఖ్యమో రాసుకోండి, పటం గీయండి. గ్రామసభలో చదివి తీర్మానం రాయించండి. ఆ పాప గీసిన చింతచెట్టు తిరిగి రాదు. మిగిలిన చెట్లనైనా కాగితం మీదికి ఎక్కిద్దాం.