అంచు కత్తిరించకండి

గోడకు తగిలించే దేవుడి బొమ్మను మనం పటం అంటాం. నేను చదివింది ఇంగ్లీషు మీడియం. అందుకే ఈ మాట అసలు అర్థం నాకు చాలా ఆలస్యంగా, నిఘంటువు తిరగేస్తే తెలిసింది. సంస్కృతంలో పటం అంటే బట్ట. పూర్వం బొమ్మలు బట్ట మీద వేసేవారు. తెలంగాణలో చేర్యాల నకాషీ కళాకారులు ఇప్పటికీ ఖాదీ బట్టకు చింతగింజల జిగురు, తెల్లమట్టి పూసి దాని మీదే కథలు గీస్తారు. అలా బట్ట పేరు బొమ్మకు వచ్చింది.

ఈ రోజు రాస్తున్నది ఇంకో రకం పటాల గురించి. అవి కూడా బట్టతోనే మన ఇళ్లకు వచ్చాయి, కానీ ఇంగ్లండ్ నుంచి.

19వ శతాబ్దం రెండో సగంలో మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లులకు ఇండియా అతి పెద్ద మార్కెట్. 1913లో బ్రిటన్ సుమారు 700 కోట్ల గజాల నూలు బట్ట ఎగుమతి చేస్తే, అందులో దాదాపు 300 కోట్ల గజాలు ఇండియాకే వచ్చాయి. మడత పెట్టిన తాను మీద ఒక రంగుల కాగితం అతికించేవారు. తాను అంటే మగ్గం నుంచి వచ్చిన పొడుగు బట్ట చుట్ట. ఆ కాగితాన్ని మాంచెస్టర్‌లో టికెట్ అనేవారు. కొనేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు చదవడం రాదు. కాబట్టి కంపెనీ పేరు కన్నా బొమ్మే ముఖ్యం. ఏనుగు బొమ్మ బట్ట, లక్ష్మి బొమ్మ బట్ట అని అడిగితే చాలు. బ్రిటన్‌లో 1875లో ట్రేడ్ మార్కుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ఇండియాలో 1889లో మర్చండైజ్ మార్క్స్ చట్టం వచ్చింది. ఇంకొకరి గుర్తు వాడితే నేరం. అందుకని ప్రతి కంపెనీ కొత్త కొత్త బొమ్మలు వేయించింది. కృష్ణుడు, శివుడు, మహారాజులు, పులులు అందరూ తాను మీదికి ఎక్కారు.

బట్ట కొన్నాక ఆ కాగితంతో పని లేదు. కానీ బంగారు రంగు అద్దిన దేవుడి బొమ్మను పారేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? జాగ్రత్తగా ఊడదీసి, అట్ట మీద అతికించి, పటం కట్టించి గోడకు తగిలించారు. చెత్తలోకి పోవలసిన కాగితం పూజ అందుకుంది.

ఆ రోజుల్లోనే, 1894లో, రాజా రవివర్మ బొంబాయిలో లిథో ప్రెస్ పెట్టారు. జర్మన్ నిపుణులు పని చేశారు. లిథోలో ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి. అన్ని రాళ్ల మీదా కాగితం సరిగ్గా ఒకే చోట పడాలి. రవివర్మ లక్ష్మి, సరస్వతి మామూలు ఇళ్లకు చేరింది ఇలాగే. ఆడవాళ్లు ఆ బొమ్మల చీరల మీద నిజం బట్ట ముక్కలు, జరీ, చమ్కీలు అతికించారు. అలాంటి పటాలు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి.

తరువాత క్యాలెండర్ల కాలం. పైన దేవుడు, కింద సబ్బుల కంపెనీ పేరో కిరాణా కొట్టు పేరో, ఆ కింద తేదీల కట్ట. డిసెంబరు అయిపోగానే తేదీలు చింపేసి, కంపెనీ పేరు ఉన్న అంచు కత్తిరించి, మిగిలింది పటం కట్టించేవారు. అంచు పోతే ప్రకటన దేవుడవుతుంది. కత్తెర చేసిన పని అది. అందులో తప్పు లేదు, భక్తే ఉంది.

కానీ చరిత్ర ఉన్నది ఆ అంచులోనే. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైంది. 1921లో ఊరూరా విదేశీ బట్టలు తగలబెట్టారు. బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు కూడా తమ తానుల మీద ఇలాంటి దేవుళ్లనే అతికించాయి. పైన బొమ్మలో అదే లక్ష్మీదేవి, అదే తామర పువ్వు. ఆ బట్ట మాంచెస్టర్‌దో మనదో చెప్పేది కింద ఉన్న చిన్న అక్షరాలే.

ఇక్కడ ఇంగ్లండ్‌లో నేను సేవ చేసే గుడికి ఇల్లు మారేవాళ్లు, పెద్దవాళ్లు పోయాక ఇల్లు ఖాళీ చేసే పిల్లలు, పాత పటాలు సంచుల్లో తెస్తారు. ఊళ్లో అయితే రావిచెట్టు కింద పెట్టేవారు, లేదా నదిలో కలిపేవారు. ఇక్కడ ఆ వీలు లేదు. అందుకే ఆదివారం తెలుగు తరగతి పిల్లలతో వాటిని బాగు చేయిస్తాం. చారిటీ షాపులో పాత ఫ్రేము కొంటాం. చిరిగిన పట్టుచీర అంచు కత్తిరించి బొమ్మ చుట్టూ పెడతాం. కొందరు పెద్దలు "దేవుడితో ఆటలేమిటమ్మా" అంటారు. చమ్కీలు అతికించిన మన అమ్మమ్మలు ఆడిందీ ఈ ఆటే అని చెప్తాను.

ఒక్క నియమం మాత్రం పెట్టాను. చీర అంచు కత్తిరించవచ్చు, కాగితం అంచు కత్తిరించకూడదు. ఫ్రేము లోపలికి మడిచినా సరే. అతికించే ముందు వెనక్కి తిప్పి చూడాలి. అక్కడ ఏమైనా రాసి ఉంటే నోటుబుక్కులో ఎక్కించాలి. గట్టి గమ్ము వద్దు, మైదా జిగురు చాలు. రేపు ఎవరైనా తడిపి ఊడదీయవచ్చు.

ఈ మధ్య ఒక అబ్బాయి ఇంటి నుంచి వెంకటేశ్వరస్వామి పటం తెచ్చాడు. ఫ్రేము విప్పితే, లోపలికి మడిచిన అంచులో ఒక బట్టల కొట్టు పేరు, దాని కింద రాజమండ్రి, 1964 అని ఉంది. వాళ్లింట్లో అందరూ తమది హైదరాబాద్ అనే అనుకునేవారు. అబ్బాయి వాళ్ల నానమ్మకు ఫోన్ చేస్తే, ముత్తాత ఆ కొట్టులో గుమాస్తాగా పని చేశారని ఆవిడ చెప్పారు. తనకు రాజమండ్రి అని రాయడం కూడా ఆ రోజే వచ్చింది.

మీ ఇంట్లో పాత పటం ఉంటే కింద అంచు చదవండి. అక్షరాలు చిన్నవి, కూడబలుక్కుని చదివినా ఫరవాలేదు.