అలర్ట్ డైలాగ్

అలర్ట్ డైలాగ్ అనగా మొబైల్ యాప్‌లో జరుగుతున్న పనిని కొంతసేపు నిలిపి, వాడుకరికి ఒక విషయాన్ని తెలిపేందుకు లేదా ఒక ప్రశ్నకు జవాబు కోరేందుకు తెరపై కనిపించే చిన్న పెట్టె. దీనిని తెలుగులో హెచ్చరిక పెట్టె అనవచ్చును. ఒకే ప్రోగ్రాముతో ఆండ్రాయిడ్, ఐఓఎస్ రెండింటికీ యాప్‌లు తయారుచేసే విధానాన్ని క్రాస్ ప్లాట్‌ఫామ్ విధానం అంటారు. ఈ విధానంలో ఒకే హెచ్చరిక పెట్టె రెండు రకాల ఫోన్లలో రెండు విధాలుగా ప్రవర్తించవచ్చును. అందువలన వాడుకరి ఇవ్వని అనుమతిని ఇచ్చినట్లుగా యాప్ భావించే ప్రమాదం కలదు.

నిర్మాణం

హెచ్చరిక పెట్టెలో సాధారణంగా శీర్షిక, సందేశం, బటన్లు అనే మూడు భాగాలుంటాయి. ఆండ్రాయిడ్‌లో అంగీకారం, నిరాకరణ, తటస్థం అనే మూడు బటన్లకు మించి ఉంచుటకు వీలులేదు. ఐఓఎస్‌లో ఈ పరిమితి లేదు. అక్కడ బటన్లకు సాధారణ, రద్దు, వినాశక అనే మూడు శైలులున్నాయి. తిరిగి సరిదిద్దలేని పనులకు వాడే వినాశక బటన్ ఎరుపు రంగులో కనిపిస్తుంది.

ప్రధాన సాధనాలు

* రియాక్ట్ నేటివ్: ఫేస్‌బుక్ సంస్థ 2015లో విడుదల చేసినది. ఇందులోని 'అలర్ట్' ఆయా ఫోన్ల సొంత పెట్టెనే చూపుతుంది. ప్రతి బటనుకు, దానిని నొక్కినపుడు జరగవలసిన పనిని విడిగా జతచేస్తారు. బటన్ల శైలులు ఐఓఎస్‌లో మాత్రమే పనిచేస్తాయి.
* ఫ్లట్టర్: గూగుల్ సంస్థ దీని 1.0 రూపాన్ని 2018 డిసెంబరులో విడుదల చేసినది. ఇది పెట్టెను తానే గీస్తుంది. ఆండ్రాయిడ్ తరహాకు 'అలర్ట్‌డైలాగ్', ఐఓఎస్ తరహాకు 'కుపర్టినోఅలర్ట్‌డైలాగ్' కలవు.
* డాట్‌నెట్ మావి: మైక్రోసాఫ్ట్ సంస్థ 2022లో విడుదల చేసినది. దీనికి ముందున్న జామరిన్‌కు ఆ సంస్థ మద్దతు 2024 మే 1తో ముగిసినది. ఇందులో వాడుకరి అంగీకరించినాడా లేదా అన్నది అవును, కాదు అనే రెండు విలువలలో ఒకటిగా ప్రోగ్రాముకు చేరుతుంది.

జవాబు లేని ముగింపు

ఐఓఎస్‌లో హెచ్చరిక పెట్టెకు వెలుపల తాకినా అది మూసుకోదు. ఏదో ఒక బటన్ నొక్కవలసినదే. ఆండ్రాయిడ్‌లో వెలుపల తాకుట వలన గానీ, వెనుకకు వెళ్ళే బటన్ వలన గానీ పెట్టె మూసుకొనవచ్చును. రియాక్ట్ నేటివ్ దీనిని ముందుగానే నిలిపివేసి ఉంచుతుంది; కావలసినవారు అనుమతించుకొనవచ్చును. ఫ్లట్టర్‌లోని 'షోడైలాగ్' మాత్రం వెలుపలి తాకిడిని ముందునుండే అనుమతిస్తుంది. దానిని నిలిపివేసినా, వెనుకకు వెళ్ళే బటన్ పనిచేస్తూనే ఉంటుంది.

ఇట్లు మూసినపుడు ఫ్లట్టర్‌లో అవును, కాదు అనే విలువలకు బదులు 'నల్' అనే శూన్య విలువ వస్తుంది. "జవాబు కాదు అయితే ఆగుము, లేనిచో తొలగించుము" అని ప్రోగ్రాము రాసినచో, జవాబే ఇవ్వని వాడుకరి ఫోటోలు సైతం తొలగిపోతాయి. "జవాబు అవును అయితేనే తొలగించుము" అని రాయుట సురక్షితము. మౌనాన్ని ఎల్లప్పుడూ నిరాకరణగానే గ్రహించవలెను.

తెలుగులో మాటల ఎంపిక

'క్యాన్సిల్' అనే బటనుకు తెలుగులో సాధారణంగా 'రద్దు చేయి' అని రాస్తారు. రైలు టికెట్ల యాప్‌లో "టికెట్‌ను రద్దు చేయాలా?" అనే ప్రశ్న కింద 'రద్దు చేయి', 'సరే' అనే బటన్లుంటే, మొదటిది టికెట్‌ను రద్దు చేయునో, పెట్టెను మూసివేయునో తెలియదు. 'టికెట్ రద్దు చేయి', 'టికెట్ ఉంచు' అని పనిని పేర్కొన్నచో సందేహముండదు. తెలుగు మాటలు ఆంగ్లం కంటే పొడవైనపుడు, చిన్న తెరలపై బటన్లు సరిగా అమరినవో లేదో కూడా చూచుకోవలెను.

వాడుకలో మితం

ప్రతి చిన్న విషయానికీ పెట్టె చూపినచో వాడుకరులు చదవకుండానే 'సరే' నొక్కుటకు అలవాటుపడతారు. నిజమైన హెచ్చరిక వచ్చినపుడు కూడా అట్లే చేస్తారు. కేవలం సమాచారానికి తెర అడుగున కొద్దిసేపు కనిపించి మాయమయ్యే 'స్నాక్‌బార్' చాలును. తిరిగి సరిదిద్దగల పనులకు ముందుగా ప్రశ్నించుట కంటే, తరువాత వెనుకకు తీసుకొనే అవకాశమిచ్చుట మేలు.

ఇవి కూడా చూడండి

* ఆండ్రాయిడ్
* ఐఓఎస్
* ఫ్లట్టర్