తెలుగు నేలలో మట్టి, భూగర్భజల సంరక్షణ

సాగుభూమి మట్టి కొట్టుకుపోకుండా, పడిన వాన అక్కడే ఇంకేలా చేసే పనులే మట్టి, భూగర్భజల సంరక్షణ. తెలంగాణ, రాయలసీమల్లో ఈ చరిత్రకు చెరువే ఆధారం. కాకతీయుల నాటి రామప్ప, పాకాల చెరువుల కింద నేటికీ పంట పండుతోంది. చెరువు నిండితే దిగువ బావుల్లో ఊట నిలిచేది. ఎగువ చేల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రును వేసవిలో బండ్లతో మళ్లీ చేలకే తోలుకునేవారు. కడప జిల్లా పోరుమామిళ్లలోని 1369 నాటి శాసనం వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు శ్రమించి చెరువు కట్టిన సంగతి చెబుతూ, మంచి చెరువుకు 12 అంగాలనూ 6 దోషాలనూ పేర్కొంది. కట్ట కారడం ఎలాగూ దోషమే. నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడాన్ని కూడా ఆ శాసనం దోషాల్లోనే చేర్చింది. ఇది చాలా విలువైన మాట. నీటిని చూసి సాగు చేసే లెక్క ఉన్నచోటే సంరక్షణ నిలిచింది.

బోర్లు వచ్చాక ఆ లెక్క తప్పింది. ఈ ప్రాంతాల్లో అధికభాగం గట్టిరాతి నేల. నీరు ఉండేది పైనున్న శిథిల పొరలోనూ, రాతి పగుళ్లలోనూ. ఎంత లోతుకు దిగినా ఆ నిల్వను నింపాల్సింది వానే. చెరువు కింద చెక్క భూమి లేని మెట్టరైతుకు బోరే తొలిసారి నీరిచ్చిందన్న వాదనను కాదనలేం. అయితే నీటిమట్టం దిగినప్పుడు మరింత లోతుకు బోరు వేయించగలిగేది డబ్బున్నవాడే. ముందుగా ఎండేది ఆ మెట్టరైతు బోరే.

కేంద్రం వేసిన హనుమంతరావు కమిటీ 1994లో చేసిన సిఫారసులతో మరుసటి ఏడాది నుంచి వాన నీరు ఒకే వైపు పారే నేలనంతా ఒక్కటిగా చూసి చేసే వాటర్‌షెడ్ పనులు ఊపందుకున్నాయి. గట్లు, చెక్‌డ్యాములు, ఊటకుంటలు వచ్చాయి. నీరు ఇంకితే చాలు, వాడకంపై కట్టుబాట్లు ఎందుకని కొందరంటారు. ఇంకిన నీటిని చూసి కొత్త బోర్లు వేస్తే పెరిగిన మట్టం మళ్లీ పడిపోతుంది. కొత్త బోర్లకు అనుమతి తప్పనిసరి చేసిన 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం పుట్టింది ఇందుకే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాల్లో నడిచిన రైతు భూగర్భజల పథకం మరో దారి చూపింది. రైతులే వాననూ బోర్ల నీటిమట్టాన్నీ కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి లెక్క వేసుకున్నారు. బలవంతమేమీ లేకుండానే చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ ఒండ్రును మళ్లీ చేలకు చేర్చింది. పూడిక తీస్తే చెరువులో పట్టే నీరు పెరుగుతుంది. ఆ నీటితో ఎంత నేల సాగు చేయాలో ఊరు తేల్చుకోనంత కాలం పోరుమామిళ్ల శాసనం చెప్పిన దోషం అలాగే ఉంటుంది.