అప్రెంటిస్‌షిప్: షెడ్డులో నేర్చిన పనికి కాగితం ఎలా వస్తుంది?

బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో ఏ మెకానిక్ షెడ్డుకో, వెల్డింగ్ షాపుకో వెళ్లినా పని నేర్చుకుంటున్న మన పిల్లలు కనిపిస్తారు. ఉస్తాద్ దగ్గర నాలుగైదేళ్లుంటే పని చేతికొచ్చేస్తుంది. కానీ కంపెనీ గేటు దగ్గర ముందు అడిగేది సర్టిఫికెట్. పని తెలిసినవాళ్లు దొరకట్లేదని కంపెనీలు అంటాయి, కుర్రాడికి పని లేదని ఇంట్లో అంటారు. మధ్యలో లేనిది ఆ కాగితమే. దాన్ని ఇచ్చే చట్టబద్ధమైన దారి అప్రెంటిస్‌షిప్.

అప్రెంటిస్‌షిప్ అంటే యజమానికి, నేర్చుకునేవాడికి మధ్య ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే ఒప్పందం. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం దీనికి ఆధారం. 2014 సవరణతో ఇంజినీరింగ్ కాని డిగ్రీలకు కూడా తలుపు తెరిచారు, అంటే బీకాం చదివిన నాలాంటివాళ్లూ అర్హులే. కాలం ఆరు నెలల నుంచి మూడేళ్లు. కాంట్రాక్టు సిబ్బందితో కలిపి 30 మంది, ఆపైన ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. 400 మంది ఉన్న ఫ్యాక్టరీ అయితే కనీసం 10 మంది.

స్టైపెండ్ ఇవ్వడం తప్పనిసరి. 2019 నిబంధనల ప్రకారం నెలకు కనీసం 5 నుంచి 9వ తరగతి చదివినవాళ్లకు 5,000, పదికి 6,000, ఇంటర్‌కి, ఐటీఐకి 7,000, డిప్లొమాకి 8,000, డిగ్రీకి 9,000 రూపాయలు. రెండో ఏడాది పది శాతం పెరుగుతుంది. ఈ మొత్తాలు పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది కాబట్టి, చేరేటప్పుడు ఏ రేటు నడుస్తోందో అడిగి తెలుసుకోండి. 2016లో మొదలైన నాప్స్ పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, 1,500కు మించకుండా, కేంద్రమే భరిస్తుంది.

మన దగ్గర ఎక్కడ? మొదట చెప్పాల్సింది బందరు బెల్. పాత ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని బెల్ 1983లో తీసుకుంది. రాత్రిపూట చూసే పరికరాలు ఇక్కడ తయారవుతాయి. పామర్రు దగ్గర నిమ్మలూరులో కొత్త ఫ్యాక్టరీ కూడా వచ్చింది. ఆర్టీసీ డిపోల్లో డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ ఐటీఐ వాళ్లకు అవకాశం ఉంటుంది. రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాప్, విజయవాడ లోకో షెడ్లు రైల్వేవి. అక్కడ పది, ఐటీఐ మార్కులను బట్టే తీసుకుంటారు, రాతపరీక్ష ఉండదు.

దివిసీమ సంగతి వేరు. అక్కడ పెద్ద ఫ్యాక్టరీల్లేవు గానీ రొయ్యల చెరువులున్నాయి. రాత్రి ఏరియేటర్ ఆగితే గంటల్లో సరుకు చచ్చిపోతుంది. మోటారు తెలిసిన ఎలక్ట్రీషియన్, ఐస్ ప్లాంట్ మెకానిక్, పడవ ఇంజిన్ బాగుచేసేవాడు అక్కడ ఎప్పుడూ కావాల్సినవాళ్లే. 2023 మేలో పనులు మొదలైన బందరు పోర్టుకీ ఇలాంటి చేతులే కావాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 4 నుంచి 29 మంది పనిచేసే చోట అప్రెంటిస్‌ను పెట్టుకోవడం తప్పనిసరి కాదు, కానీ ఇష్టమైతే పెట్టుకోవచ్చు. అంటే మీ అబ్బాయి ఇప్పటికే పనిచేస్తున్న గ్యారేజీ, రోల్డ్‌గోల్డ్ యూనిట్ కూడా పోర్టల్‌లో నమోదు కావచ్చు. ఇద్దరు ముగ్గురితో నడిచే షాపులకు మాత్రం ఈ వీలు లేదు, అదే పెద్ద లోటు. అలాంటి చోట పని పూర్తిగా నేర్చేసినవాళ్లకు ఆర్‌పీఎల్ పరీక్ష ఉంది. వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. ఐటీఐతో సమానం కాదు గానీ, ఏమీ లేకపోవడం కంటే చాలా నయం. మైనారిటీలకు ఉన్న ‘సీఖో ఔర్ కమావో’, ‘ఉస్తాద్’ పథకాలు ఇప్పుడు పీఎం వికాస్‌లో కలిసిపోయాయి. సౌదీ వెళ్లే ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, ఏసీ మెకానిక్‌లకు నైపుణ్య పరీక్ష వచ్చిందని కూడా గుర్తుంచుకోండి.

చేరేముందు ఇంట్లో స్పష్టంగా మాట్లాడుకోవాలి. అప్రెంటిస్ ఉద్యోగి కాదు. చివర్లో ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. రైల్వేలో అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవాళ్లకు లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది, అన్నిచోట్లా అలా ఉండదు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత యజమానిదే. కానీ ఒప్పందం నమోదు కాకపోతే ఆ హక్కు చూపించుకోవడం కష్టం. “రేపు రా, పని చూద్దాం” అనే నోటిమాట అప్రెంటిస్‌షిప్ కాదు. పోర్టల్‌లో పేరు నమోదుకు డబ్బు అడిగేవాణ్ణి నమ్మొద్దు.

ఇక పేరు స్పెల్లింగ్. మన పిల్లలకు ఎక్కువగా ఇక్కడే చిక్కొస్తుంది. పదో తరగతి మెమోలో షేక్ ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా, బ్యాంకు పాస్‌బుక్‌లో మూడో రకంగా ఉంటుంది. ఒకచోట మహమ్మద్ అని పూర్తిగా, ఇంకోచోట పొట్టి చేసి రాస్తారు. సర్కారు వాటా నేరుగా ఆధార్‌తో కలిసిన ఖాతాలో పడాలి కాబట్టి తేడా ఉంటే డబ్బు ఆగిపోతుంది. మెమోలో ఉన్నట్టే మిగతావి ఇప్పుడే దిద్దించుకోండి. నోటిఫికేషన్ వచ్చాక మీసేవ చుట్టూ తిరిగితే గడువు దాటిపోతుంది.