చుక్కాని చక్రం: చేతికి తగిన కొలత

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవల పందేలు చూడడానికి మా మనుమణ్ణి తీసుకువెళ్ళాను. "తాతయ్యా, టీవీలో పందెం పడవలకు చక్రం ఉంటుందిగా! వీటికి లేదేం?" అన్నాడు. నిజమే, ఆ చిన్న పడవలను నడిపేవారి చేతిలో ఉన్నది ఒక కర్ర మాత్రమే. జీవితమంతా పిల్లలను ప్రశ్నలడిగిన నేను వాడి ప్రశ్నకు బదులు చెప్పలేకపోయాను. తరువాత చదివి గ్రహించిన విషయమిది.

సంస్కృతంలో చుక్కానికి 'కర్ణం' అని పేరు. దానిని పట్టినవాడు కర్ణధారుడు. మన 'చుక్కాని' అరబ్బీ 'సుక్కాన్'కు బంధువు. పేరేదైనా పని ఒక్కటే: నీటిలోని పలకను తిప్పి పడవ ముఖాన్ని మళ్ళించడం. చిన్న పడవలో ఆ పలకకు అమర్చిన కర్ర చాలు. ఓడలు పెరిగినకొద్దీ ఆ కర్ర ఒక్క మనిషికి లొంగలేదు. అందుచేత పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో బ్రిటిష్ యుద్ధనౌకలలో చక్రం ప్రవేశించింది. చక్రపు ఇరుసుకు చుట్టిన మోకులు కింది అంతస్తులోని కర్రను అటూ ఇటూ లాగేవి. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ నౌక 'విక్టరీ' చక్రం ఫిరంగి దెబ్బకు ధ్వంసమైంది. అప్పుడు నావికులు కిందికి దిగి, కర్రను మోకులతో లాగుతూ నౌకను నడపవలసి వచ్చింది. చక్రం ఎందరి శ్రమను తీరుస్తున్నదో ఆనాడు తేటతెల్లమైంది.

పందెం పడవలో ఈ లెక్క మరింత సూక్ష్మమైనది. 150 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రాన్ని తిప్పడానికి అంచు దగ్గర 10 కిలోల బలం కావాలనుకుందాం. లోపలి అమరిక మార్చకుండా 75 సెంటీమీటర్ల చక్రం పెడితే 20 కిలోల బలం కావాలి. అయితే ఒక చుట్టుకు పెద్ద చక్రం మీద చేయి సుమారు 471 సెంటీమీటర్లు కదలాలి. చిన్నదాని మీద 236 చాలు. పెద్దది బలాన్ని ఆదా చేస్తుంది, చిన్నది కాలాన్ని ఆదా చేస్తుంది.

కనుక నిపుణులు చక్రాన్ని పెంచడానికి బదులు చుక్కానినే తేలిక చేయజూశారు. 1903లో అమెరికా కప్పును నిలబెట్టిన 'రిలయన్స్' పడవకు నథానియెల్ హెరెషాఫ్ బోలు చుక్కాని అమర్చాడు. అవసరాన్ని బట్టి అందులో నీరు నింపవచ్చు, తీసివేయవచ్చు. 1967లో ఒలిన్ స్టీఫెన్స్ తన 'ఇంట్రెపిడ్'లో చుక్కానిని అడుగు పలక నుండి వేరుచేసి వెనక్కు జరిపాడు.

చుక్కాని తేలికైతే చక్రం చిన్నది కావాలి కదా అని మీరు అడగవచ్చు. ఇక్కడ కంటికి సంబంధించిన అవసరం అడ్డువస్తుంది. నడిపేవాడు గాలి వచ్చే వైపు అంచున కూర్చుంటేనే ముందు తెరచాప అంచూ, ఎదురయ్యే అలలూ చక్కగా కనబడతాయి. అక్కడి నుండి చేతికి అందాలంటే చక్రం పెద్దది కావాలి. పెద్ద చక్రమేమో నడిచే దారికి అడ్డం. పడవల వెనుక భాగం వెడల్పయ్యేసరికి రెండు పక్కలా రెండు చక్రాలు పెట్టి ఈ చిక్కు విప్పారు. 2021లో ఆక్లండులో జరిగిన అమెరికా కప్పులో నీటి మీదికి లేచి పరుగెత్తిన పడవలకు కారు స్టీరింగు వంటి చిన్న చక్రాలే ఉన్నాయి. ఆ పోటీలో న్యూజీలాండ్ జట్టు ఇటలీ జట్టును 7-3తో ఓడించింది.

చక్రం బరువుగా తోస్తే పెద్దది కొనడం సులువైన ఉపాయమే. కాని ఆ బరువు తరచుగా ఒక హెచ్చరిక: తెరచాపల పొందిక కుదరలేదనీ, పడవ గాలికెదురుగా తిరగజూస్తున్నదనీ చెబుతుంది. చుక్కానిని ఎప్పుడూ ఒక పక్కకు తిప్పి పట్టుకుంటే అది నీటిలో అడ్డుపడి వేగాన్ని తగ్గిస్తుంది. పెద్ద చక్రం చేతికి నొప్పి తెలియనివ్వదు; దోషం మాత్రం అలాగే ఉంటుంది, పందెం పోతుంది. ముందు తెరచాపలు సరిచేసుకుని, తరువాత కూర్చునే చోటు నుండి చేతికి అందే దూరం కొలిచి, ఆపైన చక్రాన్ని ఎన్నుకోవడం ఉచితమైన క్రమం.

మా వాడికి ఇదంతా చెప్పాను. "అయితే కర్రే మంచిది తాతయ్యా, నీళ్ళు నేరుగా చెబుతాయి" అన్నాడు. చిన్న పడవ వరకు వాడి తీర్పు సరైనదే.