స్త్రీలు – సైకిలు పందెములు



సుకుమారులైన స్త్రీలు మైళ్లకొలది సైకిలు త్రొక్కి పందెమాడగలరా యని ఐరోపా దేశములందు పెద్దలు చిరకాలము సందేహించిరి. సందేహించినవారే పందెములలో వారికి ప్రవేశము లేకుండ జేసిరి. స్త్రీల విజయమునకు దేహబలము కారణమా, లేక అన్యకారణములు గలవా యనునది నేటి ప్రసంగవిషయము.

ఇటలీ దేశమును చుట్టివచ్చు ‘జీరో దితాలియా’ యను పందెము సుప్రసిద్ధమైనది. 1924 వ సంవత్సరమున పేరుగాంచిన పందెగాండ్రు ప్రతిఫలమునుగూర్చిన తగవుచే దానికి రాలేదు. ఆ లోటువలన అల్ఫొన్సీనా స్ట్రాడా యను పేదయింటి స్త్రీకి ప్రవేశము లభించెను. దూరము 3,613 కిలోమీటర్లు. బాటలు మన్నును రాళ్లును. ఒకనాడు గాలివానలో ఆమె సైకిలు హ్యాండిలు విరిగెను. చీపురుకఱ్ఱను దానికి బిగించుకొని ఆమె ముందునకు సాగెను. గడువు మీరుటచే ఆమె పేరు లెక్కనుండి తొలగింపబడినను, నిర్వాహకులు పందెము విడువుమనలేదు. బయలుదేరిన 90 మందిలో 30 మంది పురుషులు మాత్రమే తుదకు గమ్యము చేరిరి. వారితోపాటు ఆమెయు చేరెను. అయినను తరువాతి సంవత్సరమున ఆమెకు ప్రవేశము లభింపలేదు.

ఇంగ్లండున బెరిల్ బర్టన్ చరిత్ర యింకను విచిత్రము. బాల్యమున కీళ్లజ్వరము సోకి నెలలకొలది ఆసుపత్రిలో నుండెను. పెరిగిన పిదప రేవల్చిని తోటలో మోటుపని చేయుచు, ఆ శ్రమతో దేహమును గట్టిపఱచుకొని, తీఱిక వేళల సాధన చేసెను. 1967 లో పండ్రెండు గంటల పందెమున 277¼ మైళ్లు త్రొక్కెను. తనకంటె ముందు బయలుదేరిన మైక్ మక్నమరాను దాటిపోవుచు, చేతిలోని మిఠాయిబిళ్ల నొకటి ఆయన కందించెనట! ఆయన ఆనాడు పురుషుల పాత పరిమితిని మించియు, ఆమెకు ముప్పాతిక మైలు వెనుకబడెను. స్త్రీలలో ఆమెను మించుటకు 50 సంవత్సరములు పట్టెను.

ఇక బలమునకు తోడు కావలసినవి యేవి? ఎదురుగాలిలో సైకిలు త్రొక్కినవారికి గాలి యడ్డము అనుభవమే. చదునైన బాటపై గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవునపుడు శ్రమలో అధికభాగము గాలిని చీల్చుటకే వ్యయమగును. ఒకరి వెనుక చేరువగా పోవువారికి ఆ శ్రమ సుమారు మూడవవంతు తగ్గును. కావున జట్టులోని వారు వంతులవారీగా ముందునకు వచ్చి గాలికి ఎదురొడ్డి, తమలో మేటియైన యామె బలమును చివరి ఘట్టమునకు నిలిపియుంచెదరు. కొండ యెక్కునపుడు గాలికంటె దేహభారము ప్రధానము. బరువునకు తగిన బలము గలవారే అచట ముందగుదురు. దారిలో వేళకు తిని త్రాగనివారు ఎంతటి బలవంతులైనను సోలిపోవుదురు.

వీని కన్నిటికిని తోడు యుక్తి. 2021 లో టోక్యో నగరమున జరిగిన ఒలింపిక్ పందెమున ఆస్ట్రియా దేశపు గణితవిదుషి ఆనా కీసెన్‌హోఫర్ ఏకాకినిగా దిగెను. జట్టు లేదు, వేతనమిచ్చు సంస్థ లేదు. బయలుదేరినది మొదలు కొందఱితో ముందునకు దూకి, చివరి 40 కిలోమీటర్లు ఒంటరిగా సాగెను. ఒలింపిక్ పందెమున చెవిలో వార్త చెప్పు రేడియోలకు అనుమతి లేదు. హాలండు జట్టువారు ముందు పోయినవారి నందఱిని పట్టితిమని భ్రమపడిరి. 75 సెకండ్లు వెనుకగా వచ్చిన ఆనెమీక్ వాన్ ఫ్లూటెన్ తానే గెలిచితినని చేతులెత్తెను!

ఒలింపిక్ క్రీడలలో పురుషులకు సైకిలు బాటపందెము 1896 లోనే యుండగా, స్త్రీలకు 1984 లో గాని కలుగలేదు. ఆనాడు వారికి నిర్ణయించిన దూరము 79 కిలోమీటర్లు. 2024 లో పారిసు నగరమున 158. నలువది యేండ్లలో స్త్రీదేహము మాఱలేదు. మాఱినది వారికి దొరకిన బాట, సాధన, ఆదరణ. మన యిండ్లలోని బాలికలు ఏదేని కోరినపుడు ‘నీవల్ల కాదు’ అనుటకు ముందు, వారికి బాట నిచ్చి చూచితిమా యని పెద్దలు తమను తాము ప్రశ్నించుకొందురు గాక! సెలవు.